మంగళవారం ఎనిమిదో పీరియడ్

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను 2020 మొదలుకొని 2025 మే నెలాఖరు వరకు ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేశాను. అంతకు ముందు స్కూల్ అసిస్టెంటుగా (ఉన్నత పాఠశాల సబ్జెక్టు టీచరుగా), ఇంకా ముందు ఎస్జీటీగా (ప్రాథమిక తరగతుల టీచరుగా) చేసిన సర్వీసును కూడా కలుపుకుంటే, బడిని మొత్తంగా బాగుచేస్తామంటూ వచ్చిన కార్యక్రమాలలో కనీసం అరడజనుకు నేనే స్వయంగా నివేదికలు రాశాను. పదవీ విరమణ తరువాత ఇంట్లో బీరువా సర్దుతుంటే ఆ నివేదికల నకళ్ళు బయటపడ్డాయి. అన్నిటిలోనూ చేతిరాత నాదే; చాలాచోట్ల వాక్యాలు కూడా అవే. 'వెనుకబడిన విద్యార్థులకు ప్రత్యేక తరగతులు నిర్వహించబడును' అన్న వాక్యం ఇరవై ఏళ్ల ఎడంతో రెండు కాగితాల మీద అక్షరం పొల్లుపోకుండా కనిపించినప్పుడు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

ఆ కాగితాలలో ఒకటి శాలాసిద్ధిది. 2015 నవంబరులో జాతీయ స్థాయిలో మొదలైన ఈ కార్యక్రమం బడిని 7 రంగాలుగా, 46 ప్రమాణాలుగా విడదీసి, ఒక్కొక్క ప్రమాణంలో తాను 1, 2, 3 స్థాయిలలో ఎక్కడున్నదో బడే గుర్తించుకుని, దానినిబట్టి తన అభివృద్ధి ప్రణాళికను తానే రాసుకోవాలని కోరింది. ఆలోచనగా ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైవాళ్ళు వచ్చి మార్కులు వేసే పద్ధతికంటే, మన లోపాలను మనమే చూసుకునే పద్ధతి ఎంతో గౌరవప్రదమైనది. అయితే మా స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో ఆ పత్రాలను మేము నింపిన తీరు వేరు. అప్పటికి మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగు గంటలకల్లా వివరాలు వెబ్‌సైటులో ఎక్కించాలని కబురు వచ్చింది. ఏ ప్రమాణానికి ఏ స్థాయి వేయాలో తెలియక నేను తటపటాయిస్తుంటే, పక్కన కూర్చున్న సీనియర్ మేష్టారు ఒకాయన నెమ్మదిగా ఇలా చెప్పారు: "అన్నీ ఒకటి వేస్తే ఇన్నాళ్ళూ మీరేం చేస్తున్నారని అడుగుతారమ్మా. అన్నీ మూడు వేస్తే చూసిపోదామని వస్తారు. రెండు వేసెయ్యండి, ఎవరూ రారు." ఎక్కువ భాగం రెండే వేశాము. నలభై ఆరు ప్రమాణాలూ నలభై నిమిషాలు తిరక్కుండానే పూర్తయ్యాయి.

ఇది మా కాంప్లెక్సు ఒక్కదాని బలహీనత అనే చాలాకాలం అనుకున్నాను. తరువాత మధ్యప్రదేశ్ అనుభవం గురించి చదివాను. అక్కడ ఇటువంటి కార్యక్రమాన్నే, చీటీ తీసినట్లుగా ఎంపిక చేసిన 1,774 పాఠశాలల్లో అమలుచేశారు: సమగ్రమైన మదింపు, బడికి రేటింగు, ఆ బడికే ప్రత్యేకించిన అభివృద్ధి ప్రణాళిక. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్తలు దాని ఫలితాలను పరిశీలించారు. మదింపులు దాదాపు అన్ని బడుల్లోనూ పూర్తయ్యాయి. వేసిన రేటింగులు కూడా అర్థంపర్థం లేనివి కావు, బడుల మధ్య నిజంగా ఉన్న తేడాలనే చూపించాయి. కానీ బడి నడిచే తీరులో గానీ, పిల్లల చదువులో గానీ మార్పు కనిపించలేదు. అయినా కార్యక్రమం విజయవంతమైందన్న పేరు తెచ్చుకుని, దేశవ్యాప్తంగా 6 లక్షలకు పైగా బడులకు విస్తరించింది. ఆ విస్తరణే మా చేతికొచ్చిన శాలాసిద్ధి. క్షేత్రస్థాయి అధికారులతో మాట్లాడినప్పుడు ఆ పరిశోధకులకు అర్థమైనది ఏమిటంటే, పథకమంతా కాగితాల పనిగా మిగిలిపోయిందని. మా సీనియర్ మేష్టారు ఏ పరిశోధనా చేయకుండానే ఆ మాట చెప్పారు.

కార్యక్రమం రూపకల్పనలో పెద్ద లోపమేమీ లేకపోయినా అమలులో అది ఎందుకు కాగితమైపోతుంది? ఉపాధ్యాయుల సోమరితనం అన్నది తేలికగా దొరికే సమాధానం. అటువంటివారు లేరని నేను అనను. కానీ ఎంతో కష్టపడే ఉపాధ్యాయులున్న బడుల్లో కూడా ఇదే జరగడం చూశాను కాబట్టి, కారణం ఇంకొకటి ఉండాలి. పథకంలో కంటికి కనిపించే భాగమే తనిఖీకి వస్తుంది. తనిఖీకి వచ్చేదే బడిలో మిగులుతుంది. బ్రిటన్ ఆర్థిక సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం రోజులలో నేను కొత్త ఎస్జీటీని. ఆ పథకానికి ఆరు సూత్రాలుండేవి: ఉపాధ్యాయుడే కృత్యాలను రూపొందించడం, చేస్తూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగానూ జట్లుగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని తరగతి గదిలో ప్రదర్శించడం. నేటికీ వీటికంటే మంచి సూత్రాలు నాకు తెలియవు. ఈ ఆరింటిలో తనిఖీ అధికారి గుమ్మంలో నిలబడి చూడగలిగింది చివరిది ఒక్కటే. అందుచేత ఊరూరా తరగతి గదుల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు పురికొస తాళ్ళు వెలిశాయి, వాటికి పిల్లల బొమ్మలు వేలాడాయి. మా బడిలో ఒక చిలక బొమ్మను గీసిన అమ్మాయి ఐదో తరగతి పూర్తిచేసి వెళ్ళిపోయినా, ఆ చిలక రంగు వెలిసిపోయి మరో రెండేళ్లు తాడుకు వేలాడుతూనే ఉంది. తాడు కట్టింది నేనే. ఆ సంవత్సరం వచ్చిన అధికారి నన్ను మెచ్చుకున్నారు కూడా.

భవనాల విషయంలో నా అనుభవం ఇందుకు భిన్నమైనది. 2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు-నేడు అనే బడుల మరమ్మతు పథకం తొలిదశలో 15,715 బడులున్నాయి. మాదీ వాటిలో ఒకటి. నేను చేరిన కొద్ది వారాలకే కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాయి. పిల్లలు లేని ఆవరణలో సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటూ, టైల్సు పగలకుండా దింపించుకుంటూ, తల్లిదండ్రుల కమిటీ ఖాతా నుంచి మేస్త్రీకి చెల్లింపులు చేస్తూ ప్రధానోపాధ్యాయురాలిగా నా తొలి ఏడాది గడిచింది. లెక్కల టీచరుకు ఇసుక లెక్క రాదా అని ఇంట్లో వేళాకోళం. నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, బెంచీలు నిజంగానే వచ్చాయి. ముఖ్యంగా తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు నెలలో ఆ నాలుగు రోజులు బడి మానేయడం తగ్గిందని నేను హాజరు పట్టీలో చూసి చెప్పగలను. కాబట్టి భవనాల మీద ఖర్చు వృథా అనేవారితో నేను ఏకీభవించను. నేను గమనించినది మరొకటి. పిల్లలు లేని బడిని బాగుచేయడం సులువు: ఏది ఎప్పటికి పూర్తవ్వాలో తెలుసు, పూర్తయిందో లేదో ఫోటో చెబుతుంది. పిల్లలు తిరిగి వచ్చాక చదువు బాగుచేసే పనిని కూడా అదే అచ్చులో పోయాలని చూశారు. మరుగుదొడ్డి ఫోటో, కోడిగుడ్ల లెక్క, 2022 ఆగస్టు నుంచి ముఖ ఆధారిత హాజరు, పరీక్ష మార్కుల నమోదు, ఇలా ఒక్కొక్క మంచి ఉద్దేశానికీ ఒక యాప్ పుట్టింది. ఉదయం తొమ్మిది గంటలకు మా స్టాఫ్ రూమ్‌లో నలుగురు ఉపాధ్యాయులు సిగ్నల్ కోసం ఫోన్లు కిటికీ వైపు చాచి నిలబడేవారు.

ఇక బడి 'మొత్తం' అన్న మాటకు వస్తాను. ఆ మొత్తం ఏమిటన్నదే మాకు కొన్నేళ్లకొకసారి మారిపోయింది. 2022 జూన్‌లో వచ్చిన 117వ జీవో వల్ల దగ్గరలోని ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులు మా ఉన్నత పాఠశాలలో కలిశాయి. పదో తరగతి మగపిల్లలు తాగే కుళాయి ఎత్తు మూడో తరగతి పిల్లలకు అందదని వాళ్ళు వచ్చిన రోజు ఉదయమే మాకు తెలిసింది. రెండు ఇటుకలు పేర్చి సర్దుకున్నాము. చిన్న తరగతులకు పాఠం చెప్పే అలవాటు లేని స్కూల్ అసిస్టెంట్లు ఆ పిల్లల ముందు నిలబడడం నేర్చుకోవడానికి ఒక ఏడాదికి పైగా పట్టింది. సరిగ్గా అలవాటు పడుతున్న సమయానికి, 2025లో ఆ జీవో రద్దయింది. నేను పదవి నుంచి దిగిన మరుసటి నెలలో ఆ తరగతులు వెనక్కి వెళ్ళాయి. ఏ నిర్ణయం సరైనదన్న చర్చలోకి నేను వెళ్ళడం లేదు. మూడేళ్ల ప్రణాళిక రాసుకున్న బడికి మూడేళ్లలో రెండుసార్లు ఆకారం మారితే ఆ ప్రణాళిక ఎవరిదన్నదే నా ప్రశ్న.

ఉపాధ్యాయ బృందం విషయానికి వస్తే, టైమ్‌టేబుల్‌లో రోజుకు ఎనిమిది పీరియడ్లున్నా, అందరూ ఒకచోట కూర్చునే పీరియడ్ ఒక్కటీ లేదు. ఎవరైనా సెలవు పెడితే లీజర్ ఉన్నవారికి ఆ తరగతి సర్దుబాటు అవుతుంది. మధ్యాహ్నం భోజన విరామంలో ఒకరు వడ్డన దగ్గర, ఒకరు చేతులు కడిగే చోట ఉండాలి. నెలకొకసారి జరిగే స్టాఫ్ మీటింగులో సర్క్యులర్లు చదివి సంతకాలు తీసుకోవడంతోనే సమయం అయిపోతుంది. బడిని మొత్తంగా మార్చాలని కోరే ప్రతి పథకమూ ఉపాధ్యాయులంతా ఒక్క మాట మీద ఉంటారని ఊహించుకుంటుంది; ఆ ఒక్క మాట ఎప్పుడు, ఎక్కడ కూర్చుని అనుకోవాలో మాత్రం ఏ మార్గదర్శకంలోనూ ఉండదు.

2022 దసరా సెలవుల తరువాత మేము ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాము. మంగళవారం ఎనిమిదో పీరియడ్‌లో అన్ని తరగతులనూ మైదానంలోకి పంపి, వ్యాయామ ఉపాధ్యాయులిద్దరూ చూసుకునేటట్లు, మిగిలిన అందరమూ సైన్స్ ల్యాబులో కూర్చునేటట్లు. ఫోన్లు బల్ల సొరుగులో పెట్టాలి. సర్క్యులర్ల ఊసు ఎత్తకూడదు. వారానికి ముగ్గురు పిల్లల గురించి మాత్రమే మాట్లాడుకోవాలి. మొదటి రెండు వారాలూ ఇబ్బందిగా గడిచాయి, ఎందుకంటే పిల్లవాడి గురించి మాట్లాడమంటే ఏదో ఒక టీచరు తప్పు బయటపెట్టడమేనని అందరమూ అనుకున్నాము. అమెరికాలోని న్యూ హేవెన్‌లో 1968లో రెండు బడులతో ఇటువంటి పని మొదలుపెట్టిన జేమ్స్ కోమర్ అనే మానసిక వైద్యుడు పెట్టుకున్న నియమాలలో, తప్పెవరిదన్న వెతుకులాట మానేయడం ఒకటి. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే మొదటి మంగళవారం నాడే చెప్పి ఉండేదాన్ని.

మూడో వారం ఎనిమిదో తరగతి కుర్రవాడు ఒకడు చర్చకు వచ్చాడు. పక్కనున్న జాలరి పల్లె పిల్లవాడు. లెక్కల టీచరు వాడి నోటుబుక్కు తెచ్చి చూపించింది: చతురస్రాకారపు పొలం చుట్టూ మీటరుకు 40 రూపాయల చొప్పున కంచె వేయడానికి అయ్యే ఖర్చు ఎంత, భుజం 25 మీటర్లు. వాడు ప్రశ్నను బోర్డు మీద ఉన్నది ఉన్నట్లుగా దించి, కింద గీత గీసి వదిలేశాడు. 'చతురస్రాకారపు' అన్న మాటలో 'స్రా' దగ్గర పెన్సిలు నొక్కిన మచ్చ ఉంది. లెక్కలు రావని ఆమె నిర్ణయం. తెలుగు మేష్టారు ఆ మచ్చను చూసి, "వాడికి వత్తులు రావమ్మా, ఆరో తరగతిలోనే చూశాను; లెక్కల్లో చురుకైనవాడు కదా, పర్వాలేదులే అనుకున్నాను" అన్నారు. సోషల్ మేడం అందుకుని, తెల్లవారుజామున వాడు తండ్రితో పడవల దగ్గరికి వెళ్తాడనీ, చేపల వేలంపాట దగ్గర లెక్క వాడే చూస్తాడనీ, మొదటి పీరియడ్ వాడు కునుకుతీసేది అందుకేననీ చెప్పింది. మరునాడు లెక్కల టీచరు వాణ్ణి పిలిచి, పుస్తకం మూసి అడిగింది: "వలకి నాలుగు వైపులా తాడు కట్టాలిరా, ఒక్కో వైపు ఇరవై ఐదు మీటర్లు, మీటరు నలభై రూపాయలు." తల కూడా ఎత్తకుండా "నాలుగు వేలు మేడం" అన్నాడు.

ఒక పిల్లవాడి గురించి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క తెలుసు. ఆ ముగ్గురూ మూడేళ్లుగా ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూరలు మార్చుకున్నవాళ్ళే. ఆ రోజు తరువాత ఆరు నుంచి తొమ్మిది తరగతులలో వత్తుల దగ్గర ఆగిపోయే పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నాము. ఏ సబ్జెక్టు పీరియడ్‌లోనైనా మొదటి ఐదు నిమిషాలు ఆ పిల్లల చేత ఆ రోజు పాఠంలోని ఒక పేరా పైకి చదివించాలని అనుకున్నాము. అందరూ ఒప్పుకోలేదు. "నా సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు మేడం? పదో తరగతి ఫలితాలు తగ్గితే సంజాయిషీ చెప్పుకోవలసింది నేను కదా" అని భౌతికశాస్త్రం మేష్టారు సూటిగా అడిగారు. ఆయన మాటలో అన్యాయమేమీ లేదు. ఆయనకు పై నుంచి వచ్చే మెమో పదో తరగతి శాతం గురించి వస్తుంది గానీ ఎనిమిదో తరగతి వత్తుల గురించి రాదు. ఆయనకు మినహాయింపు ఇచ్చాను. ఆ మినహాయింపు తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను, ఎందుకంటే ఆ తరువాతి నెలలోనే మరో ఇద్దరు అదే మినహాయింపు అడిగారు.

ఈ సందర్భంలోనే అమెరికాలో రాబర్ట్ స్లావిన్, ఆయన సహచరులు 1987లో బాల్టిమోరులో ప్రారంభించిన 'సక్సెస్ ఫర్ ఆల్' అనే సమగ్ర బడి సంస్కరణ కార్యక్రమం నన్ను ఆలోచింపజేసింది. ఒక బడిలో దానిని మొదలుపెట్టడానికి ముందు ఉపాధ్యాయులు రహస్య ఓటు వేయాలని నియమం పెట్టారు. కనీసం 80 శాతం మంది సరేనంటేనే ఆ బడిలోకి కార్యక్రమం అడుగుపెట్టేది. నా ముప్పై ఏళ్లకు పైబడిన సర్వీసులో ఏ పథకానికీ నన్ను ఎవరూ ఓటు అడగలేదు. అడిగి ఉంటే కొన్నిటికి వద్దనే వేసేదాన్నేమో. కానీ సరేనని వేసిన ఒక్క ఓటు కూడా, తరువాత నాలుగేళ్లు నన్ను నేను నిలదీసుకోవడానికి పనికొచ్చేది. అయితే ఓటు ఒక్కటే నిలబెట్టదన్న సంగతికి కూడా అక్కడే ఉదాహరణ ఉంది. మెంఫిస్ నగరం 1990ల మధ్యలో ఇటువంటి సమగ్ర నమూనాలను తన బడుల్లో పెద్దఎత్తున ప్రవేశపెట్టి, పర్యవేక్షణాధికారి మారాక 2001లో వాటన్నిటినీ ఒక్కసారిగా వదిలేసింది.

కాలం లెక్క మరీ చిక్కుగా ఉంటుంది. ఇటువంటి సమగ్ర సంస్కరణల మీద వచ్చిన 232 అధ్యయనాలను, 29 నమూనాలను జెఫ్రీ బోర్మన్ బృందం 2003లో కలిపి చూసినప్పుడు, బలమైన ఫలితాలు ఐదో ఏడాది తరువాతనే కనిపించాయి. మన దగ్గర బదిలీ నిబంధనల ప్రకారం ప్రధానోపాధ్యాయులు ఒక బడిలో ఉండగలిగేది 5 ఏళ్లు, ఉపాధ్యాయులు 8 ఏళ్లు. అంటే మొక్క పూతకు వచ్చే రుతువుకు సరిగ్గా తోటమాలి మారిపోతాడు. బదిలీలు వద్దని నేను అనడం లేదు. నగరానికి దగ్గర బడుల్లో ఒకరే పాతుకుపోతే, ఏజెన్సీ బడుల్లో ఏళ్లతరబడి పనిచేస్తున్నవారికి ఈ వైపు వచ్చే అవకాశం ఎప్పటికీ రాదు. కానీ బదిలీ ఉత్తర్వుతోపాటు బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, నగదు పుస్తకం అప్పగించే పద్ధతి ఉన్నప్పుడు, బడి ఏ పిల్లల కోసం ఏ పని ఎక్కడిదాకా చేసిందో అప్పగించే పద్ధతి ఎందుకు లేదో నాకు అర్థం కాదు. నేను దిగిపోయిన రోజున నా తరువాతి వారికి అప్పగించిన వస్తువుల జాబితాలో కుర్చీలు, ఫ్యాన్లు, గ్లోబులు ఉన్నాయి. వత్తుల నోటుబుక్కుకు ఆ నమూనా పత్రంలో గడి లేదు.

తల్లిదండ్రుల కమిటీ గురించి ఎక్కువ చెప్పను. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది కూడా ఆ కమిటీయే. మా కమిటీలోని తల్లులలో చాలామంది ఉదయం చేపల గంపలతో నగరంలోకి వెళ్ళి మధ్యాహ్నం తిరిగివచ్చేవారు. మేము సమావేశం పెట్టేది పదకొండు గంటలకు, ఎందుకంటే ఫోటోలు ఒంటిగంటలోగా పంపాలి. ఒకసారి ఒకామె బేరం మానుకుని వచ్చి, ఓ మూల కూర్చుని, తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేసి, "ఫోటో తీసీసారా మేడం, ఎల్లిపోవచ్చా?" అని అడిగింది. ఆమె కొడుకే, ఆ నాలుగు వేలు చెప్పినవాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాలని నాకు ఆ క్షణంలో తోచలేదు.

మంగళవారాలు కూడా అన్నీ మిగల్లేదు. శిక్షణలు, ఓటర్ల జాబితా పనులు, తుఫాను సెలవులు, 2024 ఎన్నికలు, హఠాత్తుగా వచ్చే వెబెక్స్ (ఆన్‌లైన్ వీడియో) సమావేశాలు తినగా సగం మిగిలాయేమో. వర్షం పడితే పిల్లలను మైదానంలోకి పంపలేము కాబట్టి ఆ వారమూ పోయేది. అయినా మిగిలిన సగంలో మేము మాట్లాడుకున్నది, నేను రాసిన నివేదికలన్నిటికంటే ఎక్కువ.

మొన్న ఆగస్టులో పింఛను కాగితాల మీద సంతకం కోసం బడికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయుడు మర్యాదస్తుడు, పనిమంతుడు. టీ తెప్పించి, కాగితాలు పది నిమిషాల్లో పూర్తిచేయించారు. ఆఫీసు గోడ మీద కొత్త టైమ్‌టేబుల్ ఉంది. మంగళవారం ఎనిమిదో పీరియడ్ గడిలో 'ఆన్‌లైన్ నమోదు' అని రాసి ఉంది. అదీ అవసరమే, ఆయనకూ పైనుంచి అడిగేవారు ఉంటారు కదా, అందుకని నేనేమీ అనలేదు. సాయంత్రం బస్సు కోసం స్టాపులో నిలబడితే తెలుగు మేష్టారూ లెక్కల టీచరూ ముందే అక్కడ ఉన్నారు. బస్సు ఆలస్యం. మేష్టారు సంచిలోంచి అట్ట ఊడిన ఆ నోటుబుక్కు తీసి, ఈ ఏడాది ఆరో తరగతిలో చేరినవారి పేర్లు ఆమెకు చదివి వినిపిస్తున్నారు. ఆమె ఒక పేరు దగ్గర ఆపి, "ఆ అమ్మాయి చదవలేకపోవడం కాదు మేష్టారూ, వెనక బెంచీ నుంచి బోర్డు కనిపించడం లేదేమో, రేపు ముందు కూర్చోబెట్టి చూద్దాం" అంది.